అత్తగారి నాలుగో మునక

పైపుల్లో ఎంత నూనె పారుతోందో చెప్పే మీటర్లు నిజమే చెబుతున్నాయా లేదా అని చూడటం నా ఉద్యోగం. సౌదీలో, రాస్ తనూరాలో చాలా ఏళ్ళుగా ఆ పనే చేస్తున్నాను. ప్రవాహం గురించి నాకు తెలియనిది లేదని మా ఆఫీసులో ఒక అభిప్రాయం ఉంది. దాన్ని పుట్టించిందీ, పెంచి పోషిస్తున్నదీ నేనే. పైపు లేని ప్రవాహం ఎలా ఉంటుందో మాత్రం మొన్నటి ఆషాఢ పౌర్ణమి దాకా నాకు తెలియదు.

దానికి మూలకారణం మా అత్తగారు. ఆవిడ జ్యేష్ఠమాసంలో విజిట్ వీసా మీద మా ఇంటికి వచ్చారు. వస్తూ వస్తూ కందిపొడి, గోంగూర పచ్చడి, మినపవడియాలు, ముప్పాతిక పూర్తయిన ఒక మొక్కు తెచ్చారు. మొదటి మూడింటినీ ఎయిర్‌పోర్టులో తెరిచి చూశారు. నాలుగోది ఎవరికీ కనపడకుండా వచ్చేసింది.

ఆకామావై అంటారు దాన్ని. ఆషాఢం, కార్తీకం, మాఘం, వైశాఖం, ఈ నాలుగు నెలల పౌర్ణములకూ సముద్రస్నానం చెయ్యాలి. ఇక్కడ బతకాలంటే జేబులో ఉండి తీరాల్సిన కార్డుని మావాళ్ళంతా అకామా అంటారు. ఆవిడ వచ్చిన మర్నాడు కాఫీ తాగుతూ ఆకామావై పూర్తి చెయ్యాలని అన్నప్పుడు, విజిట్ వీసా వాళ్ళకి అకామా ఇవ్వరండీ అని చెప్పబోయి, మా ఆవిడ కళ్ళు చూసి ఆపుకున్నాను. తర్వాత ఆలోచిస్తే రెండూ ఒకలాంటివే అనిపించింది. కాకపోతే నాది గడువు దాటితే జరిమానా కట్టి రెన్యువల్ చేసుకోవచ్చు. ఆవిడది ఒక్క పౌర్ణమి తప్పితే మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది.

కార్తీకం, మాఘం, వైశాఖం మూడూ మంగినపూడిలో అయిపోయాయి. మూడింట్లోనూ ఆవిడ పక్కనే ఆవిడ తోడికోడలు కూడా మునిగింది. ఇద్దరూ ఒకే ఇంటి గోడకి చెరో పక్కన కాపురం చేస్తూ ముసలివాళ్ళయ్యారు. ఒకరు కొత్తిమీర నాటితే రెండోవారు కరివేపాకు నాటే రకం. నాలుగో మునకకి తోడికోడలు బస్సు టిక్కెట్టు కొనేసుకుంది. మా అత్తగారేమో కూతురి మాట కాదనలేక సౌదీకి విమానం టిక్కెట్టు కొన్నారు. అయినా అసలు చిక్కు తోడికోడలు కాదు. దసరా వెళ్ళాక అత్తగారికి రెండు మోకాళ్ళకీ ఆపరేషను. ఆ తర్వాత ఇసుకలో నడిచి కెరటాల్లోకి దిగే మాట మర్చిపోమని డాక్టరు చెప్పాడు. కనక మళ్ళీ మొదటికి రావడం అనేది ఆవిడ విషయంలో లేదు. ఈ ఆషాఢం అయితే అయినట్టు, లేకపోతే ఇక లేనట్టు.

సముద్రం పక్కనే ఉన్నాం కదా, ఇందులో పెద్ద కష్టమేముంది అనుకున్నాను. ఒకరోజు సాయంత్రం మా కాలనీకి దగ్గర్లో ఉన్న బీచికి తీసుకెళ్ళాను. అది అఖాతం లోపలి వైపు. జులై నెలలో అక్కడి నీళ్ళు కాగులో కాచినట్టుంటాయి. అలన్నది ఉండదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని పాదాలు మునిగేదాకా వెళ్ళి, కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేశారు.

“అల్లుడుగారూ, ఇందులో మునిగితే కందిపప్పు ఉడుకుతుంది గానీ పుణ్యం రాదు. కెరటం నెత్తి మీదుగా వెళ్ళాలి. అదీ సముద్రస్నానం,” అన్నారు.

కెరటాలు కావాలంటే బయటి సముద్రానికి వెళ్ళాలి. బయటి ఒడ్డంతా టాంకులు, జెట్టీలు, కంచెలు. గేటు పాసు ఉన్నవాళ్ళకి తప్ప దారి లేదు. విజిట్ వీసాకి పాసు రాదు. ఎటొచ్చీ ఇసుకదిబ్బ చివర, జనసంచారం లేని చోట, బయటి సముద్రానికి ఎదురుగా ఒక చిన్న మెరీనా ఉంది. పడవలో వెళ్తే అక్కడ ఎవరూ అడ్డు చెప్పరు. మెరీనాకి వెళ్దాం అన్నాను. ఆవిడ మొహం వికసించింది. మద్రాసు మెరీనాలో పెళ్ళయిన కొత్తలో గుర్రమెక్కారట. అక్కడ శనగలు కూడా బాగుంటాయట. ఇది ఆ మెరీనా కాదని నేను చెప్పలేదు. నాలుగు రోజులు ఆవిడ ఆనందంగా ఉంటే నాకేం పోయింది?

పడవ మా కెప్టెన్‌ది. ఆయన మా డిపార్టుమెంటులోనే పనిచేసి రిటైరైన సౌదీ పెద్దాయన. చేపలు పట్టడానికి ఒక ఫైబర్ బోటు ఉంచుకున్నాడు కాబట్టి అందరం కెప్టెన్ అంటాం. జీవితమంతా మనవాళ్ళతోనూ పాకిస్తానీలతోనూ పనిచేయడం వల్ల ఆయనకి ఒక హిందీ వచ్చింది. అందులో క్రియలకి కాలాలు ఉండవు, భావానికి లోటుండదు. విషయం చెప్పగానే, మీ మామా నా మామా కాదా అన్నాడు. ఆయన భాషలో మామా అంటే అమ్మ. నాకు మాత్రం అత్తగారిని ఎవరైనా మామా అని పిలిచినప్పుడల్లా చనిపోయిన మామగారు గుర్తొస్తారు.

వెళ్ళే దారి గురించి ఆయన టేబుల్ మీద ఖర్జూరం గింజలు పేర్చి చెప్పాడు. అఖాతానికీ బయటి సముద్రానికీ మధ్య పొడుగాటి ఇసుకదిబ్బ. దానికి ఒకే ఒక గండి. మన కోస్తాలో అలాంటిదాన్ని మొగ అంటారు. పోటు వచ్చినప్పుడు బయటి సముద్రం అంతా ఆ సందులోంచే లోపలికి తోసుకొస్తుంది. పోటు తీసినప్పుడు అందులోంచే బయటికి పరుగెడుతుంది. రెంటికీ మధ్య కాసేపు మాత్రం నీళ్ళు ఎటూ వెళ్ళకుండా నిలబడతాయి.

“సాడే ఆఠ్ బజే పానీ సోతా,” అన్నాడు అరచెయ్యి చెంప కింద పెట్టుకుని చూపిస్తూ. “ఉస్‌కే బాద్ పానీ పాగల్.”

ఎనిమిదిన్నరకి నిద్ర, తర్వాత పిచ్చి. పౌర్ణమి కాబట్టి ఆ పిచ్చి ఇంకాస్త ఎక్కువట. నాకు బాగా అర్థమైంది. పౌర్ణమికి పోటు ఎక్కువని ఆరో తరగతిలోనే చదువుకున్నాను. మార్కులు కూడా వచ్చాయి.

పౌర్ణమి శనివారం పడింది. అటు సెలవు కూడా కలిసొచ్చింది. ముందురోజు సాయంత్రం అత్తగారు సూట్‌కేసు అడుగునుంచి మడతపెట్టిన గోడ క్యాలెండరు తీసి, కళ్ళజోడు సవరించుకుని చూశారు. పౌర్ణమి తిథి ఇక్కడి టైము ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్ళిపోతుంది. శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర.

“మన తొమ్మిదంటే ఇక్కడ ఆరున్నరేగా. ఎనిమిదికల్లా రాహుకాలం వెళ్ళిపోతుంది. హాయిగా ఎనిమిదిన్నరకి బయల్దేరదాం,” అన్నారు.

దేవుడు అరుదుగా ఇచ్చే అవకాశం అది. పంచాంగమూ కెప్టెనూ ఒకే గంట చెప్పారు. నేను తలూపి అన్నం తిని పడుకుంటే సరిపోయేది. కానీ నేను ఇంజనీర్ని. రాహుకాలం గడియారాన్ని బట్టి రాదనీ, ఏ ఊరి సూర్యోదయాన్ని బట్టి ఆ ఊరికి వస్తుందనీ, పగటిని ఎనిమిది భాగాలు చేస్తే శనివారం మూడో భాగం రాహువుదనీ, జులైలో ఇక్కడ తెల్లారగట్ల అయిదింటికే సూర్యుడొచ్చి కూర్చుంటాడు కాబట్టి లెక్క వేరనీ చెప్పాను. చెప్పి ఊరుకోలేదు. లాప్‌టాప్ తెరిచి ఎక్సెల్‌లో వేశాను. ఎనిమిదీ ఇరవైకి మొదలై పదింటికి ముగుస్తుందని వచ్చింది. సెల్‌కి పసుపు రంగు కూడా వేశాను.

“ఎవరడిగారు మిమ్మల్ని?” అంది మా ఆవిడ.

అత్తగారు మాత్రం పొంగిపోయారు. వాళ్ళ ఊళ్ళో పురోహితుడు కూడా ఇంత నిక్కచ్చిగా చెప్పడట. చదువుకున్న అల్లుడు ఉంటే ఎంత ఉపయోగమో తోడికోడలికి ఫోన్ చేసి చెప్పారు. తోడికోడలి అల్లుడు కిరాణా హోల్‌సేల్. నా ఛాతీ ఆ రాత్రికి రెండంగుళాలు పెరిగింది. మర్నాడు లైఫ్ జాకెట్ బిగుతైతే కారణం అదే అనుకున్నాను.

కెప్టెన్‌కి ఫోన్ చేసి పదింటికి బయల్దేరదామన్నాను. ఎందుకని అడిగాడు. రాహువుని అరబిక్‌లో ఏమంటారో నాకు తెలియదు. హిందీలో మొదలుపెట్టి, పాము, సూర్యుడు, మింగడం అనే దాకా వచ్చి, పరిస్థితి విషమిస్తోందని గ్రహించి, వహ్ టైమ్ మామా కే లియే ముష్కిల్ అని ముగించాను.

“తయ్యిబ్,” అన్నాడు చివరికి, సరేనన్నట్టు. “మామా జైసా బోలే.”

సంకల్పం సంగతి కూడా ఆ రాత్రే తేలింది. స్నానానికి ముందు ఎక్కడ ఉన్నామో దేవుడికి చెప్పుకోవాలి కదా. ఊళ్ళో అయితే శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల మధ్య అన్నది పుట్టినప్పటి నుంచీ నోటికొచ్చు. ఇక్కడ శ్రీశైలానికి వాయవ్యం అని ఫోన్‌లో మ్యాప్ చూసి తేల్చాను. నదుల దగ్గర ఆగిపోయాం. ఈ దేశంలో నది అన్నదే లేదు. రెండు పైప్‌లైన్ల మధ్యదేశే అనుకోవచ్చేమో అన్నాను. అత్తగారు నవ్వలేదు. సముద్రతీరే అంటే చాలు, దేవుడికి అడ్రసు కనుక్కోవడం తెలుసు అన్నారు.

శనివారం పొద్దున్న మాతో నాలుగో మనిషి కూడా బయల్దేరాడు. మా సైట్‌లో మెయింటెనెన్స్ ఫోర్‌మన్, జగిత్యాల వైపు వాడు. వయసులో నాకంటే చిన్న, ఒడ్డూ పొడుగులో నాకు రెట్టింపు. అత్తగారిని చెయ్యి పట్టి పడవ ఎక్కించి దించడానికి బలమైన మనిషి ఉండాలని మా ఆవిడ పిలిచింది. అంటే నేను కాదని అర్థం. వాడు పులిహోర మాట విని వచ్చాడు. రేవుకి వచ్చాక తెలిసింది వాడికి, స్నానం అయ్యేదాకా ఎవరూ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదని. పులిహోర డబ్బాలున్న కూలర్‌ని వాడే మోశాడు. ఎత్తినప్పుడల్లా మూత సందులోంచి ఇంగువ వాసన వచ్చేది.

కోస్ట్ గార్డ్ వాళ్ళు మా అకామాలూ ఆవిడ పాస్‌పోర్టూ చూసి, లైఫ్ జాకెట్లు వేసుకున్నామా అని అడిగి పంపించారు. అత్తగారు నేత చీర మీద నారింజ రంగు జాకెట్ తొడుక్కుని, నుదుట ఇంత బొట్టుతో, పడవని ఆవిడే నడపబోతున్నట్టు ఉన్నారు. కానీ పడవ కదలడానికి ఇంకా టైముంది. రాహువు ఉన్నాడు. ఎండ అప్పటికే కొరుకుతోంది. అందరం కార్లో ఏసీ వేసుకుని కూర్చున్నాం. అత్తగారు కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం చదువుకుంటున్నారు. కెప్టెన్ రేవు చివరికి వెళ్ళి నీళ్ళు చూసి, కారు దగ్గరికి వచ్చి, అద్దంలోంచి ఆవిణ్ణి చూసి, చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళేవాడు. అలా చాలాసార్లు తిరిగాడు. ఎండకి కాళ్ళు కాలి తిరుగుతున్నాడనుకున్నాను.

పదింటికి రాహువు సెలవు తీసుకున్నాడు. పడవ కదిలింది. అఖాతం లోపల ప్రయాణం పళ్ళెంలో పాకే చీమ ప్రయాణంలా ఉంది. నీళ్ళు కదలవు, గాలి లేదు, ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. అత్తగారు చుట్టూ చూసి, గుర్రాలు ఎక్కడున్నాయని అడిగారు. ఇంకా ముందుకెళ్ళాలన్నాను. ఫోర్‌మన్ కూలర్ మీద కూర్చుని, దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

మొగ దగ్గరికి వస్తుండగా ముందు చప్పుడు వినిపించింది. పెళ్ళి వంటల్లో పెద్ద గుండిగలో ఎసరు తెర్లుతుంటే వచ్చే చప్పుడది. తర్వాత కనిపించింది. రెండు ఇసుకదిబ్బల మధ్య సందులోంచి సముద్రం లోపలికి వస్తోంది. వస్తోందనడం మర్యాద. బస్సు డోరు తెరిచారని తెలిసిన జనంలా తోసుకొస్తోంది. మధ్యలో గుండ్రంగా తిరిగే సుళ్ళు, పక్కల లేచి పడే తెల్లటి అలలు, అవతల నీళ్ళు మా నీళ్ళకంటే ఎత్తుగా ఉన్నట్టు కూడా అనిపించింది. పైపులో అయితే ఇలాంటి చోట నేను వాల్వ్ కట్టేయిస్తాను.

కెప్టెన్ నా వైపు ఒకసారి చూసి, బిస్మిల్లా అని ఇంజను పూర్తిగా ఇచ్చాడు. పడవ ముందుభాగం లేచింది. నీళ్ళు రెండు పక్కలా చీలి ఎగిరాయి. ఎంత వేగమో అనుకున్నాను. మొగ పక్కన ఒక ఇనపస్తంభం, దాని మీద నల్లటి నీటిపక్షి ఒకటి రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉన్నాయి. కాసేపయ్యాక మళ్ళీ పక్కకి చూశాను. అలాంటి స్తంభమే, అలాంటి పక్షే. ఇంకాసేపయ్యాక చూస్తే అప్పుడూ అంతే.

“సార్, గా పిట్ట మనెంబడే వస్తున్నదా?” అన్నాడు ఫోర్‌మన్.

రావడం లేదు. మేమే వెళ్ళడం లేదు. ఇంజను ఎంత ముందుకు తోస్తోందో సముద్రం అంత వెనక్కి తోస్తోంది. బోలెడు పెట్రోలు కాల్చి ఒక స్తంభం పక్కన నిలబడి ఉన్నాం. కడుపులో మాత్రం ప్రయాణం బ్రహ్మాండంగా సాగుతోంది. నేను పడవ అంచు పట్టుకుని తల కిందికి దించాను.

“ఊర్ల చెరువుల ఈదినోణ్ణి నేను, గిట్ల ఉరికే నీళ్ళు సూడలే,” అన్నాడు ఫోర్‌మన్. “ఎనిమిదిన్నరకొస్తే గిట్లుండకపోతుండె గద సార్?”

మా ఆవిడ నన్ను చూసింది. పోటుకి ఎదురెళ్ళే పోటుగాడు ఈయనే అని తల్లితో అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మాటల రోగం ఆవిడకి కూడా అంటుకుంది. నవ్వుదామనుకున్నాను గానీ నోరు తెరిచే పరిస్థితి లేదు.

కెప్టెన్ ఇంజను తగ్గించాడు. పడవ ఒక్కసారిగా వెనక్కి కొట్టుకుపోయింది. ఆయన దాన్ని ఒడుపుగా పక్కకి తిప్పి, మొగకి లోపలి వైపు దిబ్బ వాలులో, నీళ్ళు నెమ్మదించే చోట ఇసుకకి ఆనించాడు. పోటు నిండి నీళ్ళు మళ్ళీ నిద్రపోయేది మధ్యాహ్నం రెండున్నరకి అన్నాడు. అప్పటిదాకా పడవ మొగ దాటదు.

రెండున్నర. తిథి ఒంటిగంట దాకానే ఉంది. అత్తగారు తన రెండు మోకాళ్ళ మీదా చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ అలా కూర్చుంటే నొప్పిగా ఉందని అర్థం. నొప్పి అని మాత్రం ఎప్పుడూ అనరు. నా ఎక్సెల్‌లోని పసుపు సెల్ కళ్ళముందు మెరిసింది. ఆవిడ చెప్పిన తప్పు లెక్కతో వచ్చి ఉంటే ఈపాటికి అవతల కెరటాల్లో ఉండేవారు. తోడికోడలి అల్లుడు కిరాణా హోల్‌సేల్ అయినా అత్తగారిని ఇసుకదిబ్బకి తగలెయ్యలేదు. లోపలి నీళ్ళలోనే మునిగితే దేవుడు అర్థం చేసుకోడా అని గొణిగాను. ఆవిడ వినిపించుకోలేదు. మొగ వైపు చూస్తున్నారు.

“ఆ వచ్చే నీళ్ళెక్కడివి?” అన్నారు కాసేపటికి.

బయటివేనన్నాను. సముద్రం లోపలికి వస్తోందని, అందుకే మనం వెళ్ళలేకపోయామని వివరించబోయాను.

“అదే అంటున్నా. మనం వెళ్ళాలనుకున్న సముద్రమే ఎదురొచ్చి కూర్చుంది. ఇంకెక్కడికి వెళ్ళడం?” అంటూ లైఫ్ జాకెట్ పట్టీలు సరిచేసుకున్నారు. “ఆ తెల్లగా విరుగుతున్నాయే, అవి కెరటాలే కదా?”

దిబ్బ కొస చుట్టూ తిరిగి వచ్చే నీళ్ళు అక్కడ ఇసుక మీద నిజంగానే అలలై విరుగుతున్నాయి. నడుం లోతు. అక్కడ నిలదొక్కుకోవచ్చా అని కెప్టెన్‌ని అడిగాను. ఆయన దిగి, ఆ చోటు దాకా నడిచి వెళ్ళి, చుట్టూ తిరిగి చూసి వచ్చాడు. లంగరు తాడు తీసి ఒక కొస పడవకి కట్టాడు, రెండో కొస ఫోర్‌మన్‌కి ఇచ్చి మామా నడుముకి కట్టమని సైగ చేశాడు. తను పడవకి అవతలి పక్కకి వెళ్ళి, తాడు భుజం మీంచి వేసుకుని, మాకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు. స్నానం అయ్యేదాకా అటే తిరిగి ఉన్నాడు.

అత్తగారు కళ్ళజోడు తీసి నాకిచ్చారు. ఒక పక్క కూతురు, ఒక పక్క ఫోర్‌మన్. నేను వెనకాల, కళ్ళజోడు మోసే హోదాలో. ఇసుకలో ఆవిడ అడుగు తీసి అడుగు వెయ్యడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. నీళ్ళు నడుం దాకా వచ్చాక ఆగి, పెదవులు కదుపుతూ సంకల్పం చెప్పుకున్నారు. వాయవ్య ప్రదేశే దగ్గర నా వైపు తిరిగి చూసి నిర్ధారించుకున్నారు. నేను తల ఊపాను. జీవితంలో నేను ఇచ్చిన సాంకేతిక సలహాల్లో నికరంగా పనికొచ్చింది అదొక్కటే.

మొదటి మునక సలక్షణంగా అయింది. జాకెట్ ఆవిణ్ణి మునగనివ్వక పైకి తేలుస్తుంటే ఫోర్‌మన్ భుజాలు పట్టి, క్షమించు తల్లీ అంటూ ముంచాడు. రెండోది కూడా అలాగే అయింది. మూడోదానికి ఎవరూ ముంచాల్సిన పని లేకపోయింది. మొగలోంచి ఒక పెద్ద అల వచ్చింది. ఎక్కడో తెరచాటు నుంచి వచ్చినట్టు వచ్చి నలుగురి నెత్తి మీదుగా వెళ్ళింది. నాకు ఆకాశం, ఇసుక, మళ్ళీ ఆకాశం కనిపించాయి. పుణ్యం నోట్లోంచీ ముక్కులోంచీ కూడా లోపలికి వెళ్ళింది. లేచి చూస్తే తాడు బిగుసుకుని ఉంది. తాడు చివర అత్తగారు నీళ్ళలో కూర్చుని, జుట్టు మొహం మీద పడి, దగ్గుతూ నవ్వుతున్నారు. ఫోర్‌మన్ ఆవిడ జాకెట్ కాలరు రెండు చేతులా పట్టుకుని, వదిలితే పోతుందన్నట్టు నిలబడ్డాడు.

“ఏంటమ్మా, నవ్వుతున్నవా? నా పాణం పోయింది,” అన్నాడు.

“నెత్తి మీదుగా వెళ్ళిందా లేదా?” అన్నారు ఆవిడ.

“వెళ్ళింది. నీ నెత్తి మీదుగా వెళ్ళింది, నా నెత్తి మీదుగా వెళ్ళింది. ఇగ పులిహోర తిందామా?”

కళ్ళజోడు నా చేతిలోనే ఉంది. ఒక అద్దం మాత్రం సముద్రుడికి సమర్పణమైంది.

పడవ పందిరి కింద తడిబట్టలతోనే తిన్నాం. ఆ ఎండకి మెతుకులు ఆరేలోపే బట్టలు ఆరిపోయేలా ఉన్నాయి. అత్తగారి చీర మాత్రం మందంగా ఉండటంతో తడి వదల్లేదు. వద్దన్నా వినకుండా ఆవిడ కెప్టెన్‌కి రెండోసారి వడ్డించారు. ఆయన ఫ్లాస్కులోంచి గహ్వా, అంటే యాలకులు వేసిన అరబ్బీ కాఫీ పోసి, ఖర్జూరాలు ముందు ఆవిడకే ఇచ్చాడు. అప్పుడు అడిగాను, ఎనిమిదిన్నర దాటితే నీళ్ళు ఇలా ఉంటాయని తెలిసి కూడా పదింటికి ఎందుకు ఒప్పుకున్నావని. ఆయన నన్ను వింతగా చూశాడు. పొద్దున్న ఎన్నిసార్లు వచ్చి చూసినా మామా కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉందట. ముందురోజు ఫోన్‌లో నేను చెప్పింది కూడా ఆవిడ ప్రార్థన టైమనే అనుకున్నాడట.

“బుడ్డీ మామాకి నమాజ్ జల్దీ కరో అని ఎవరు చెబుతారు?” అన్నాడు తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ కలిపి. “పానీ వెయిట్ చేస్తుంది.”

నీళ్ళు వెయిట్ చెయ్యలేదని మా ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరం అనలేదు. రాహువు అంటే ఏమిటో కూడా నేను మళ్ళీ వివరించబోలేదు. ఆయన అర్థం చేసుకున్నదే నేను చెప్పినదానికంటే మేలుగా ఉంది.

రెండున్నరకి మొగ పడుకున్న దూడలా ఉంది. పడవ ఆ స్తంభం పక్కనుంచి చప్పుడు లేకుండా జారిపోయింది. పక్షి అక్కడే ఉంది. మమ్మల్ని గుర్తుపట్టినట్టు మెడ తిప్పి చూసింది. ఫోర్‌మన్ దానికి దండం పెట్టాడు. మొగ దాటాక బయటి కెరటం ఒకటి పడవ అంచు మీదుగా ఎగిరి, ఆరీ ఆరని అత్తగారి చీరని మళ్ళీ తడిపింది.

ఎంతైనా మెరీనా చూపిస్తానని మాటిచ్చాను కాబట్టి అక్కడికే వెళ్ళాం. కొత్తగా కట్టిన జెట్టీలు, పదో పదకొండో ఖాళీ పడవలు, ఒక కాఫీ మిషను, గొడుగు కింద నిద్రపోతున్న ఒక పిల్లి. గుర్రాలు లేవు, శనగలూ లేవు. అత్తగారు దిగి, ఒడ్డున నిలబడి, ఆ నీళ్ళని చాలాసేపు చూశారు. నేనూ చూశాను. మెరీనా చుట్టూ రాళ్ళతో ఎత్తుగా గోడ కట్టారు. గోడ అవతల సముద్రం ఎక్కడో దూరంగా గర్జిస్తోంది. ఇవతల నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అల ఒక్కటి లేదు. ఒడ్డంతా కాంక్రీటు, దిగడానికి చోటు కూడా లేదు.

మెరీనా అంటేనే అలలు రాకుండా కట్టేది. పడవలు కుదుపులు లేకుండా నిలబడాలని. నేను ఇంజనీర్ని. నాలుగు రోజులుగా ఆవిణ్ణి కెరటాల కోసం తీసుకెళ్తానని చెప్పింది కెరటాల్ని ఆపడానికి కట్టిన చోటికి. ఎనిమిదిన్నరకే మొగ దాటి ఉంటే తొమ్మిదింటికి ఇక్కడికి చేరి, ఈ కాంక్రీటు అంచున నిలబడి, ఒంటిగంట దాకా ఈ అద్దాన్ని చూస్తూ ఉండేవాళ్ళం.

అత్తగారికి కూడా ఆ సంగతి తెలిసింది. ఆవిడ మొహంలో చూశాను.

“చూశావుటే,” అన్నారు కూతురితో, “ఆయన రాహుకాలం లెక్కగట్టబట్టి గానీ లేకపోతే ఏమైపోయేదాన్ని?”

మా ఆవిడ నా వైపు చూసిన చూపుని ఇక్కడ రాయలేను. నేను మాత్రం వినయంగా తల దించుకున్నాను. అర్హత లేని పొగడ్తని కాదనడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

అంతలో ఫోన్ మోగింది. తోడికోడలు, వీడియోలో. మంగినపూడిలో ఆవేళ సముద్రం బాగా పోటు మీద ఉందట. పోలీసులు తాడు కట్టి మోకాలి లోతు దాటనివ్వలేదట. చెంబుతో నెత్తిన పోసుకుని వచ్చేసిందట. అదీ స్నానమే అని పురోహితుడు అన్నాడట. అంతా విన్నాక అత్తగారు గొంతు సవరించుకున్నారు.

“నాకు ఇంతెత్తు అల వచ్చిందే,” అన్నారు చెయ్యి నెత్తి పైకి ఎత్తి. “నలుగుర్నీ ముంచేసింది. తాడు లేకపోతే నన్ను ఇరాన్‌లో వెతుక్కోవాల్సిందే.”

అనుమానంగా, ఏదీ ఆ సముద్రం ఒకసారి చూపించు అంది తోడికోడలు.

అత్తగారు తాపీగా ఫోన్ నా చేతిలో పెట్టారు. నా వెనక అద్దంలాంటి నీళ్ళు, వరసగా పడవలు, జెట్టీ మీద ఒళ్ళు విరుచుకుంటున్న పిల్లి.

“అల్లుడుగారూ, కెమెరా అటు తిప్పకండి. నా చీర చూపించండి, ఇంకా తడిగానే ఉంది,” అన్నారు.

నేను కెమెరా కిందికి వంచి చీర కుచ్చిళ్ళ మీద పెట్టాను. నీటి బొట్లు ఇంకా కాంక్రీటు మీద పడుతున్నాయి.